మునిలక్ష్మి రోలు

ఆడపిల్ల బరువును పదిమందిలో అరిచి చెప్పే మగవాడికి పెళ్లవుతుందా? గురప్ప మొదటిరోజే ఆ పని చేశాడు.

కువైట్‌లో సులైబియా గోడౌన్లు దాటి ఎడారిలో చాలా దూరం పోతే ఒక చిన్న రన్‌వే ఉంది. సొంత విమానాలున్న కువైటీలు శుక్రవారాలు సరదాగా ఎగిరేది అక్కడినుంచే. దారిన పోయే పైలట్లు కూడా దిగి, పెట్రోలు పోయించుకుని, టీ తాగి వెళ్తుంటారు. ఆ పెట్రోలు పోసేదీ, టీ కాచేదీ, గాలికి కదలకుండా విమానాలను తాళ్లతో కట్టేసేదీ పుల్లంపేట గురప్ప. అతని మీద సూపర్‌వైజరు రాయచోటి ముజీబ్.

చిన్న విమానాలకు బరువంటే భయం. అందుకే ఎక్కే ప్రతి మనిషినీ, ప్రతి సంచినీ గురప్ప తూకం మిషన్ మీద పెట్టి అంకె గట్టిగా చెప్పాలి. ముజీబ్ కూడి చూస్తాడు. ఎక్కువైతే ఎవరో ఒకరు దిగాల్సిందే.

ఆ శుక్రవారం ఆరు సీట్ల విమానం ఉన్న ఒక బాబా, అంటే యజమాని, ఆయన భార్య మామా, ముగ్గురు పిల్లలు వచ్చారు. వెనకాల తిండి సంచి మోసుకుంటూ వాళ్లింట్లో పనిచేసే మునిలక్ష్మి. ఆమె మిషన్ ఎక్కగానే గురప్ప గొంతెత్తి అంకె చెప్పాడు.

"మైకు తెప్పించుకో, ఇంగా బాగా ఇనపడతాది," అని ఆమె తెలుగులో గొణిగింది.

"మైకు లేదు. ఉంటే అట్లనే చెప్పేవాణ్ణి," అన్నాడు గురప్ప, తెలుగులోనే.

ఆమె నాలుక కరుచుకుంది. ఈ ఇసుకలో తన భాష వచ్చినవాడు ఒకడుంటాడని ఆమెకేం తెలుసు?

బరువు ఎక్కువైంది. వాళ్లు సరదాకి పోయే దీవిలో తినాల్సిన భోజనం సంచిలో ఉంది కాబట్టి సంచి దిగదు. పనిమనిషి దిగింది. విమానం లేచిపోయాక ఆమె నీడలో కూచుని కళ్లు తుడుచుకుంటుంటే గురప్పకు ప్రాణం ఉసూరుమంది. పైనుంచి సముద్రం చూపిస్తామని పిల్లలు వారంనుంచీ ఆశపెట్టారట. అతను టీ ఇచ్చాడు. ఇది టీనా, గిన్నెలు కడిగిన నీళ్లా అని ఆమె అడిగింది. ఆ మాటతో అతనికి ధైర్యం వచ్చింది, ఊరేదని అడిగాడు. చిట్వేలు. అంత దగ్గర ఊళ్లవాళ్లు కలుసుకోవడానికి ఇంత దూరం రావాలా అని ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాతి శుక్రవారం కూడా బరువు ఎక్కువైంది. ఆ తర్వాతా అంతే. ఆమె ముఖంలో ఇప్పుడు ఏడుపు లేదు. విమానం తిరిగొచ్చేదాకా టీ తాగుతూ, అతని పేరు ముసలితాతల పేరని వెక్కిరిస్తూ, తెచ్చిన ఊరిబిండి పచ్చడి అన్నంలో కలిపి పెడుతూ కూచునేది. మొదట్లో అన్నా అని పిలిచేది. వద్దన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు, మళ్లీ అట్లా పిలవనూ లేదు.

ఒకరోజు తిండి సంచిని మిషన్ మీదికి ఎత్తబోయి గురప్ప ఆగిపోయాడు. అన్నం డబ్బాలు ఇంత బరువుండవు. చెయ్యి పెట్టి చూస్తే టవల్లో చుట్టిన చిన్న రాతి రోలు తగిలింది. మిక్సీలో తిప్పిన తెల్లగడ్డ కారం రుచి ఉండదని వాళ్లమ్మ ఇంటినుంచి పంపిన రోలు. తలెత్తి చూశాడు. ఆమె ఎటో ఆకాశంలోకి చూస్తూ నిలబడింది, చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

ఆమె దిగిపోయాక, వాళ్లు చూడకుండా సంచిలోంచి రోలు బయటికి తీసుకుంది.

"ఎన్ని వారాలనుంచీ మోస్తాండావే దీన్ని?" అని అడిగాడు గురప్ప.

"నువ్వు అడిగేదాకా," అంది. అంతకన్నా ఏం చెబుతుంది ఆడపిల్ల?

ఒక శుక్రవారం దుమ్ము లేచింది. పోయిన విమానం సాయంత్రందాకా తిరిగి రాలేదు. షెడ్డు తలుపు వేసుకుని ముజీబ్ నిద్ర నటించాడు, మంచివాడు. ఇద్దరూ దుమ్ములో దగ్గుతూనే మాటల్లో ఒక ఇల్లు కట్టుకున్నారు. రాజంపేటలో అద్దె ఇల్లు, ముందర టీ అంగడి. టీ మాత్రం నేనే కాస్తానని ఆమె ముందే షరతు పెట్టింది. గురప్ప జన్మలో అంత సంతోషం ఎరగడు.

ఎండలు ముదిరాయి. ఆ వేడికి విమానాలు బరువు మోయలేవని బాబాలు రావడం మానేశారు. మునిలక్ష్మి చేతిలో ఫోను ఉండనివ్వరు. గురప్పకు ఆ ఎండాకాలం ఎట్లా గడిచిందో అడగవద్దు. ఖాళీ రన్‌వే ఊడుస్తుంటే, ఎవరి కోసంరా అని ముజీబ్ తిట్టేవాడు.

చల్లగాలి మొదలయ్యాక బాబా ఫోను చేశాడు. వ్యాపారం బహ్రెయిన్‌కు మారుస్తున్నాడు. కుటుంబమంతా అక్కడికే, తన విమానంలోనే. కాగితాల మీద ముద్రవేసే ఆఫీసరు కూడా రన్‌వే దగ్గరికే వస్తాడు. బరువు మరీ ఎక్కువైతే పనిమనిషిని ఫహాహీల్‌లో అత్తగారింట్లో వదులుతానన్నాడు.

ఫహాహీల్! బస్సెక్కితే పోగలిగిన ఊరు. గురప్ప ఆ రాత్రి దేవుడికి మొక్కింది ఒక్కటే, బరువు ఎక్కువ కావాలని.

వాళ్లు వచ్చారు. కారులోంచి దిగిన మనిషిని గురప్ప ముందు గుర్తుపట్టలేదు. బుగ్గలు పీక్కుపోయి, గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఎండాకాలమంతా మామా చెల్లెళ్ల ఇళ్లలోనూ పనిచేయించారట. ఆమె తన బట్టల సంచి తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టింది. ఎత్తి చూశాడు. అమ్మయ్య, రోలు ఉంది.

ఒకరి తర్వాత ఒకరుగా తూచాడు. చివర్న మునిలక్ష్మి సంచి పట్టుకుని మిషన్ ఎక్కింది. అంకె చెప్పాడు. ముజీబ్ కూడి, ఎక్కువైంది బాబా అన్నాడు. గురప్ప గుండె ఎగిరి గంతేసింది. ఆమె కళ్లు కూడా నవ్వాయి. ఎన్ని శుక్రవారాలు గెలిపించిన రోలు అది!

బాబా ఒక్క క్షణం ఆలోచించాడు. "ఖలాస్. సంచి వదిలేయండి. అమ్మాయి వస్తుంది," అన్నాడు అరబ్బీలో.

మామా చెడ్డది కాదు. మునిలక్ష్మి భుజం తట్టి, అక్కడ అన్నీ కొత్త బట్టలు కొనిస్తానంది. పాపం ఈ పిల్ల ఒక్కసారి కూడా మన విమానం ఎక్కలేదు కదా, ఈసారి ఎక్కుతుందని పిల్లలు చప్పట్లు కొట్టారు. గురప్ప, మునిలక్ష్మి ఇంత ఆలోచించారు గానీ, దించడానికి సంచి కూడా ఉంటుందని ఇద్దరికీ తోచలేదు. తిండి ఉన్న సంచిని ఎప్పుడూ ఎవరూ దించలేదు మరి.

ఆమె సంచి కింద పెట్టి, ఒట్టి చేతులతో మళ్లీ మిషన్ ఎక్కింది. గురప్ప ముల్లు చూశాడు. మనిషి ఇంత తేలికైపోతుందా? తప్పు అంకె చెబుదామంటే ముజీబ్ పక్కనే ఉన్నాడు. చెప్పినా, పోయేది ఇంకో సంచే.

"గట్టిగా చెప్పు గురప్పా," అంది మునిలక్ష్మి. "మొదటిరోజు మాదిరి."

చెప్పాడు. మొదటిరోజు మాదిరే.

మిషన్ దిగి, సామాన్ల గురించి చెబుతున్నట్టు, మామా పక్కనుండగానే ఆమె అంది. "బట్టలు ఏమన్నా చేసుకో. రోలు మాత్రం పారేయొద్దు. మన ఇంట్లోకి కావల్ల."

"పారేయను," అన్నాడు.

మామా ఏమిటని అడిగింది. సంచి జాగ్రత్త అని చెప్పినాను మామా అని మునిలక్ష్మి అరబ్బీలో చెప్పింది. విమానం ఇసుక లేపుకుంటూ పోయింది, చుక్కంతయి, కనబడకుండా పోయింది. ఆమె ఎదురుచూసిన సముద్రం ఇప్పుడు కింద కనబడుతుంటుంది. చూస్తుందో, కళ్లు మూసుకుందో.

చాలా శుక్రవారాలు గడిచాయి. బహ్రెయిన్ ఫోను నంబరు ఎవరి దగ్గరా లేదు. వేరే పైలట్లు దిగుతున్నారు, టీ తాగుతున్నారు, పోతున్నారు. వాళ్లలో బహ్రెయిన్ పోయేవాడు ఎవరన్నా ఉన్నాడా అని గురప్ప అడుగుతూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం అందరూ పోయాక ముజీబ్ షెడ్డులోకి వచ్చేసరికి, గురప్ప సంచిలోని రోలు చంకన పెట్టుకుని తూకం మిషన్ మీద నిలబడి ఉన్నాడు.

"యాడికి పోవల్లనిరా?" అన్నాడు ముజీబ్.

"ఊరికే చూస్తాండా అన్నా. ఒక సీటు ఖాళీ ఉంటే, నేనూ ఇదీ పడతామా అని."

ముజీబ్ తిట్టలేదు. ఈ దేశంలోనే ఉండనిచ్చే ఇఖామా కాగితం సంగతి ఎత్తలేదు, వీసా ఇచ్చిన కఫీల్ వదలడని చెప్పలేదు. వంగి ముల్లు చూసి, ఖాళీ రన్‌వే వైపు తిరిగి, ఆ అంకెను గట్టిగా చదివాడు.