ఏ రాడ్డు క్యాప్ ఆ రాడ్డుకే

ఆ ఆదివారం ఉదయం కుసుమకుమారి చేతిలో ఉన్న సరుకు ఇదీ: ప్లాస్టిక్ టబ్బులో సగానికి డీజిల్, అరిగిపోయిన బట్టల బ్రష్షు, పాత చీర చింపిన గుడ్డలు, సాయానికి తమ్ముడు బాబీ. చేయవలసిన పని ఒక్కటే. విప్పిన ట్రాక్టర్ ఇంజన్ సామాన్లు శుభ్రంగా కడగాలి.

ట్రాక్టర్ తాతయ్య కొన్నది. కుసుమ పుట్టకముందు నుంచే ఆ ఇంటి పొలం దున్నుతోంది. ఈ ఏడు నీలం పొగ కక్కింది. పోసిన ఇంజన్ ఆయిల్ అంతా తాగేసింది. చివరికి గట్టు ఎక్కలేక మధ్యలోనే ఆగిపోయింది. నాన్న ఎర్రన్న సాలూరు నుంచి మెకానిక్ ధనరాజును పిలిపించాడు. లారీ ఇంజన్లు విప్పి బిగించడంలో అతనిది చెయ్యి తిరిగిన పనితనం.

తొందరకు కారణం ఉంది. వానలు పడ్డాయి. ఆకుమడిలో వరినారు నాటడానికి సిద్ధంగా ఉంది. పొలంలో నీళ్లు నిలిపి, బురద దున్ని దమ్ము చేస్తేనే నాట్లు. చీపురుపల్లి చుట్టుపక్కల అద్దె ట్రాక్టర్ ఒక్కటీ ఖాళీగా లేదు. ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. ముదిరిన నారు నాటితే పిలకలు సరిగా రావు, పంట తగ్గుతుంది. ఆ ఇంట్లో ఏడాది తిండి లెక్క మొత్తం ఆ ఇంజన్ మీదే ఉంది.

ధనరాజు షెడ్డులో గోనెసంచి పరిచాడు. దాని మీద మూడు ఇనప రాడ్లు వరసగా పెట్టాడు. చూడటానికి పెద్ద ఎముకల్లా ఉన్నాయి. ప్రతి రాడ్డు చివరా ఉంగరంలా గుండ్రంగా ఉంటుంది. ఆ ఉంగరంలో కింది సగం విడిగా ఊడి వస్తుంది. దాన్నే క్యాప్ అంటారు. ఒక్కో రాడ్డు పక్కన దాని క్యాప్ పెట్టి, సుద్దముక్కతో గుర్తుగా గీతలు గీశాడు.

"కుసుమమ్మా, ఒక్కోటీ కడిగి ఎక్కడిది అక్కడే ఎట్టు. ఇటుది అటు సెయ్యకు. మేం ఇజీనారం ఎల్లి, లేతు షాపు నుంచి క్రాంకు తెచ్చీస్తాం," అన్నాడు ధనరాజు. క్రాంక్ అంటే ఈ రాడ్లు తిప్పే పెద్ద ఇరుసు. అరుగుదల తీయించడానికి అక్కడ ఇచ్చారు.

"సరే మావా," అంది కుసుమ.

అతనూ నాన్నా మోటార్ సైకిల్ మీద విజయనగరం వెళ్లిపోయారు.

బాబీ ఒక రాడ్డు ఎత్తి చూశాడు. "ఏటక్కా ఇవి, ఆవు బొమికల్లాగున్నాయి?"

"మాటలు ఆపి ఇలా తే."

ఒక్కొక్కటే కడిగితే మధ్యాహ్నం అవుతుంది. అన్నీ ఒకేసారి నానబెడితే చిటికెలో అయిపోతుంది. కుసుమకు ఈ లెక్క బాగా నచ్చింది. బాబీ మోసుకొచ్చిన రాడ్లు, క్యాపులు అన్నీ టబ్బులో వేసేసింది. నానాక బ్రష్షుతో రుద్దింది. నల్లటి జిడ్డుతో పాటు సుద్ద గీతలూ పోయాయి.

తుడిచి మళ్లీ గోనె మీద పేర్చింది. రాడ్డు పక్కన రాడ్డు, ఒక్కోదాని పక్కన ఒక్కో క్యాప్. ఏది దేనిదో ఆమెకు తెలియలేదు. 'మూడు గరిటెలు తోమితే ఏ గరిట ముందు, ఏ గరిట వెనక అని ఎవరు చూస్తారు?' అనుకుంది.

నానమ్మ జగ్గమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చింది. "బండికి కొత్త ఊపిరి పోస్తన్నారు. బొట్టెట్టకుండా లోనికి ఏసేస్తారేటి?" అంటూ అన్నిటికీ బొట్లు పెట్టింది.

మధ్యాహ్నం ధనరాజు వస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు.

"ఓలమ్మో! కొత్త సామాన్లాగున్నాది! ఎర్రన్నా, ఈ పిల్లని సాలూరు పంపీ. మా షెడ్డులో కుర్రోళ్లకి బుద్దొస్తాది."

"మరి దాని లెక్కల హోంవర్కు నువ్వు సేస్తావా?" అని నాన్న నవ్వాడు.

"పెద్దమ్మా, బొట్టు బైట ఎట్టుకో. లోపలెడితే ఆ పొడి బేరింగుని తినేస్తాది," అంటూ ధనరాజు కుంకుమ తుడిచేశాడు. తుడుస్తూ ఆగాడు. "గీతలు పోనాయే. వరస మారలేదు కదేటమ్మా?"

కుసుమ తల అడ్డంగా ఊపింది. మారలేదు అని. మెప్పు ఇంకా చెవుల్లో వెచ్చగా ఉంది. ఆలోచించకముందే తల ఊగిపోయింది.

ధనరాజు క్రాంక్‌ను ఇంజన్‌లో కూర్చోబెట్టాడు. మొదటి రాడ్డు బిగించసాగాడు.

"మావా, మూడూ ఒకేలాగున్నాయి కదా. ఏది ఎటెడితే ఏటి?" అని బాబీ అడిగాడు.

"ఒకేలాగ కనిపిస్తాయిరా. కంపెనీలో రాడ్డూ క్యాపూ కలిపి బిగించి, అప్పుడు లోపల గుండ్రంగా కోస్తారు. అందుకే దేని క్యాపు దానికే. మార్సినావనుకో, ఎంటికంత ఎత్తుపల్లం వస్తాది. ఆ ఎంటిక సాలు. దమ్ము మధ్యలో బేరింగు కాలి, ఇంజను పట్టీస్తాది, మరి తిరగదు. ఈ క్రాంకు కూడా పోతాది."

"మల్లీ బాగు సెయ్యలేవా?"

"నాను సేస్తానురా. నారు ఆగొద్దా?"

కుసుమ గోనె మీది క్యాపుల వైపు చూసింది. ఏమో, అదృష్టం కొద్దీ సరిగానే పెట్టి ఉండొచ్చు. చెప్తే మెప్పు పోతుంది, తిట్లు వస్తాయి. చెప్పకపోతే ఈ పూటకు ఏమీ పోదు.

ధనరాజు బోల్టులు బిగించి క్రాంక్ తిప్పాడు. అది కష్టంగా తిరిగింది.

"బిర్రుగా ఉన్నాది. కొత్త బేరింగు కదా, తిరిగితే సర్దుకుంటాది," అని రెండో రాడ్డు అందుకున్నాడు.

సర్దుకోదని ఆ షెడ్డులో కుసుమకు ఒక్కదానికే తెలుసు.

"మావా, ఆగు," అంది.

ధనరాజు తల ఎత్తాడు.

"వరస మారిపోనాది. అన్నీ ఒకేసారి టబ్బులో ఏసీసినాను. ఏది దేనిదో నాకు తెల్దు. మారలేదని తలూపినాను గానీ, అది అబద్దం."

నాన్న చేతిలో గుడ్డ కింద పడేశాడు. "ఏటే! ఆకుమడి సూసినావా లేదా? టబ్బులో ఏసినోడు ఈడేనా?"

బాబీ అక్క వెనక్కి జరిగాడు.

"వాడు మోసినాడంతే నాన్నా. ఏసింది నానే."

చూరు మీది వాన చుక్కలు టబ్బులో పడుతున్నాయి. ధనరాజు బిగించిన బోల్టులు మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు.

"ఊరుకో ఎర్రన్నా. ఇప్పుడు సెప్పింది, పూటలో పోతాది. పొలంలో తెలిసుంటే పంట పోను. సుద్దతో గీయడం నాదీ బుద్ది తక్కువే. సుత్తీ పంచీ ఎట్టి ఇనుము మీదే సుక్కలు కొట్టాల్సింది." కుసుమ వైపు తిరిగాడు. "ఇలారా. నీ గోరు సూపీ."

ఒక రాడ్డుకు ఒక క్యాప్ కలిపి బిగించాడు. రెండూ కలిసిన అతుకు మీద గోటితో గీరమన్నాడు. "దాని జోడీ అయితే గోరు జారిపోతాది. కాకపోతే తగుల్తాది. నా గోళ్లు స్పేనర్లు తినీసినాయి, నాకు తెల్దు."

కుసుమ గీరింది. గోరు సన్నగా తట్టుకుంది. "తగిలింది మావా."

ఆ క్యాప్ విప్పి ఇంకోటి పెట్టాడు. అదీ తగిలింది. మూడోది పెట్టాడు. కుసుమ ఒకసారి గీరి, నమ్మకం లేక మళ్లీ గీరింది, కళ్లు మూసుకుని ఇంకోసారి గీరింది.

"జారిపోతన్నాది!"

"గట్టిగా సెప్తావా?"

"గట్టిగా సెప్తాను."

మిగిలిన రెండూ అలాగే పట్టుకునేసరికి చీకటి పడి, షెడ్డులో బల్బు వేయాల్సి వచ్చింది. ధనరాజు ప్రతి జోడీ మీదా పంచితో చుక్కలు కొట్టాడు. ఈసారి బిగించి తిప్పితే క్రాంక్ ఒక్క చేతికే తేలిగ్గా తిరిగింది. నాన్న కూడా ఒకసారి తిప్పి చూసి, కుసుమ తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతికున్న గ్రీజు జుట్టుకంతా అంటింది.

ఇంకా ఒక పని మిగిలింది. వాల్వులను పైకి నెట్టే సన్నని కడ్డీలు కడగాలి. అవి బల్ల మీద వరసగా ఉన్నాయి. బాబీ గుప్పెటతో అన్నీ ఒకేసారి ఎత్తబోయాడు.

"ఆగరా," అంది కుసుమ.

అట్టపెట్టె మూత తెచ్చింది. పెన్సిల్‌తో వరసగా కన్నాలు పొడిచింది. ఒక చివర 'ముందు' అని, ఇంకో చివర 'వెనక' అని రాసింది.

"మావా, ఫేను వైపు ఉన్నది ముందే కదా?"

"ముందే."

ఒక కడ్డీ తీసింది. కడిగింది, తుడిచింది, దాని కన్నంలో గుచ్చింది. తర్వాతే రెండోది తీసింది. బాబీ ఆవలిస్తూ గుడ్డలు అందించాడు.

ఇంజన్ మూయడానికి సోమవారమంతా పట్టింది. మంగళవారం కుసుమ బడికి బయలుదేరే వేళకు ధనరాజు తాళం తిప్పాడు. ట్రాక్టర్ రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. నీలం పొగ లేదు. జగ్గమ్మ బోనెట్ మీద తన ఇష్టమొచ్చినంత పెద్ద బొట్టు పెట్టింది.

చివరికి తేలిన లెక్క ఇదీ. పోయినవి ఒక పూట పని, ఒక మెప్పు. మిగిలినవి పాడవని క్రాంక్, తిరిగే ఇంజన్, ముదరకముందే మడిలో పడిన నారు. పైగా వచ్చింది ఇంకొకటి ఉంది. కోతలయ్యాక, నాగలిని పైకెత్తే హైడ్రాలిక్ పంపు విప్పుతానన్నాడు ధనరాజు.

"సామాన్లు నాను కడిగీనా?" అని నాన్న అడిగాడు.

"నువ్వొద్దు ఎర్రన్నా, వరస మార్సీగలవు," అన్నాడు ధనరాజు. "కుసుమ సేతికే ఇస్తాను."