గోడ మీద తలుపు

చీకటి పడ్డాక ఆ సందులోకి ఎవరూ వెళ్ళరు. తప్పనిసరై వెళ్ళాల్సి వచ్చినా ఎడమ వైపు గోడకేసి చూడరు. ఊపిరి బిగబట్టి గబగబా దాటేస్తారు. ఆ గోడకొక తలుపుంది. దాని వెనక ఇల్లు లేదు... ఒట్టి ఇటుకలు. అయినా రాత్రిళ్ళు ఎవరో ఆ తలుపు కొడుతుంటారు.

మొదట విన్నది రాత్రి డ్యూటీకి పోతున్న నర్సు. టక్... టక్... ఆ వెనకే గొంతు నొక్కిపెట్టినట్టు, "తియ్యరా..." అని ఒక మాట. ఒక చెప్పు అక్కడే వదిలేసి పరుగు లంకించుకుంది. తర్వాత ఒక టైలరు ఆకారాన్నే చూశాడట. తెల్లగా, వంగిపోయి, తలుపుకి అతుక్కుని ఉందట. ఆయన వారం రోజులు జ్వరంతో మూలిగాడు. ఇక విరబోసిన జుట్టూ, కోరలూ అంటారా, అవి జనం తలా కాస్తా తగిలించారు.

ఈ పుకారుకి పొంగిపోయినవాడు ఒక్కడే. తెరల మేస్త్రి. ఆ తలుపు గీసింది ఆయనే మరి.

నాటకాల హాల్లో తెరలు గీయడం ఆయన పని. అడవంటే అడవి, కోటంటే కోట. ఆయన గీసిన మెట్లు చూస్తే చాలు, ముందు వరసలో పెద్దవాళ్ళకి మోకాళ్ళు నొప్పి పుట్టేవి. పక్క వాటాలో ఉండే తమ్ముడు అదే హాల్లో లైట్లు వేసేవాడు. ఒకనాడు ఆటలో ఆ తమ్ముడు తెర మీదికి లైటు పక్కనుంచి వేశాడు. మేస్త్రి గీసిన ఆకాశంలో గుడ్డ ముడతలన్నీ బయటపడ్డాయి. హాలంతా ఘొల్లున నవ్వింది.

ఇంటికొచ్చి, తల్లి చూస్తుండగానే తమ్ముడి చెంప పగలగొట్టాడు మేస్త్రి. ఆ తర్వాత కొన్నాళ్ళకే తమ్ముడు తన వాటా అమ్మేసి, పెళ్ళాంబిడ్డలతో ఎటో వెళ్ళిపోయాడు. కొన్న గోడౌను వాళ్ళు అవతలి రోడ్డుకి దారి పెట్టుకుని, సందు వైపు తలుపు పీకేసి ఇటుకలు పేర్చారు.

ఆ ఎర్ర ఇటుకలు చూసినప్పుడల్లా, "మీ తమ్ముడేడీ?" అని అడగని మనిషి లేడు. మేస్త్రికి విసుగొచ్చింది. స్టేజీ మీద నిలబెట్టే తలుపులాంటిది ప్లైవుడ్‌తో చేసి, దాని మీద చెక్కల సందులూ, గొళ్ళెం, చెయ్యి తగిలి తగిలి నల్లబడ్డ చోటూ అన్నీ గీసి అక్కడ బిగించాడు. అడుగున చీకట్లోనూ మెరిసే రంగుతో సన్నటి పసుపు గీత, లోపల దీపం వెలుగుతున్నట్టు. కొరియర్ కుర్రాడు గొళ్ళెం పట్టుకోబోయి గోరు విరగ్గొట్టుకున్నాడు. కెమెరాలేసుకుని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఫొటోలు తీసుకుపోయారు.

"మనుషులంటే సరే, దెయ్యం కూడా నా బొమ్మ చూసి బోల్తా పడిందంటే ఏమనుకున్నారు!" అని హాలు క్యాంటీన్లో తొడ చరిచేవాడు మేస్త్రి.

"ఇంట్లో మీ అమ్మ ఒక్కతే కదన్నా, రాత్రిళ్ళు భయపడదూ?" అంది ఒకసారి క్యాంటీన్ ఆవిడ.

"మా అమ్మా? పడుకుందంటే పిడుగు పడ్డా లేవదు."

ఆ రాత్రి రిహార్సల్ మధ్యలో లైట్లన్నీ పోయాయి. తమ్ముడు వెళ్ళిపోయాక ఆ స్విచ్చుల బోర్డు సంగతి తెలిసినవాడు అక్కడ ఎవడూ లేడు. మామూలుగా తెల్లారి ఇల్లు చేరే మేస్త్రి తిట్టుకుంటూ ముందే బయల్దేరాడు.

సందు మలుపు తిరిగాడు...

టక్... టక్...

కాళ్ళు ఆగిపోయాయి. దెయ్యం గురించి గొప్పలు పోవడం వేరు, దానికి ఎదురుపడటం వేరు. వెనక్కి తిరుగుదామంటే ఒళ్ళు మాట వినలేదు.

తలుపు ముందు... తెల్లగా... వంగిపోయి... ముఖం చెక్కకి ఆనించి ఉందది. గుసగుసలాడుతోంది.

"చిన్నోడా... తియ్యరా. పెద్దోడు పనికెళ్ళాడు. తెల్లారేదాకా రాడు... భయం లేదురా, తియ్యి..."

అది అమ్మ గొంతు.

తమ్ముడు వెళ్ళిపోయిన రోజుల్లో ఆవిడ కంటి ఆపరేషనయి ఆసుపత్రిలో ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి నీడలూ, మసక వెలుగూ తప్ప ఆనవు. ఇంటికొచ్చి, చిన్నోడేడని అడిగితే, "పక్కనే ఉన్నాడు, ఎక్కడికి పోతాడు!" అని ఒక మాట విసిరేశాడు మేస్త్రి. ఆవిడ మళ్ళీ అడగలేదు. మర్చిపోయిందనుకున్నాడు. అబద్ధం చెప్పిందీ ఆయనే, దానికి తలుపు బిగించిందీ ఆయనే.

"దీపం వెలుగుతోంది కదరా... మేలుకునే ఉన్నావు కదా..." ఆవిడ చేతికర్రతో మళ్ళీ కొట్టింది.

ఆ పసుపు రంగు కుదిరేదాకా ఎన్నిసార్లు గీకి వేశాడో మేస్త్రికి గుర్తొచ్చింది. నిజం చెబితే ఈ క్షణంలోనే ఆవిడకి చిన్నకొడుకు లేకుండా పోతాడు. చెప్పకపోతే రేపు రాత్రీ, ఎల్లుండి రాత్రీ వచ్చి ఈ చెక్కనే బతిమాలుకుంటుంది. ఇక దాచలేననుకుని ముందుకి నడిచాడు.

"అమ్మా..."

ఆవిడ చేతిలో కర్ర జారిపడింది. ముఖం విప్పారింది. రెండు చేతులూ చాపి తడుముకుంటూ వచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

"చిన్నోడా! వచ్చావురా..."

అంతలోనే ముక్కుకి వార్నీషు వాసన తగిలినట్టుంది. చేతులు చటుక్కున వెనక్కి పోయాయి.

"నువ్వా... పెద్దోడా..."

వెనక్కి వెనక్కి జరిగి, తలుపుకి వీపు ఆనించి, ఎవర్నీ లోపలికి పోనివ్వనట్టు రెండు చేతులూ బార్లా చాపింది. ఊరంతా హడలిపోయే చోట ఇన్నాళ్ళూ ఒంటరిగా నిలబడిన మనిషి, ఇప్పుడు కన్నకొడుకుని చూసి గజగజ వణికింది.

"అమ్మా, అది తలుపు కాదమ్మా... వాడు..."

"వాణ్ణేమీ అనకురా! నీ కాళ్ళు పట్టుకుంటా. తప్పంతా నాది, నేనే వచ్చాను." మాట తడబడుతోంది ఆవిడకి. "ఆ రోజు కొట్టినప్పుడు అన్నావు కదా, అమ్మతో మాట్లాడితే నా మీద ఒట్టని... నీకేమన్నా అవుతుందని భయంరా వాడికి. ఇన్ని రాత్రులు కొట్టినా, ఇంత ఏడ్చినా, ఒక్కసారి... ఒక్కసారైనా పలకలేదు."

చేతులు దించకుండానే, కనపడని కొడుకు ముఖం కోసం వెతుక్కుంటూ అంది.

"చూశావా పెద్దోడా... నువ్వంటే ఎంత ప్రేమో వాడికి."