ముప్పై ఏడో వరస

ఇంజనీరు సుబ్బన్నను చంపడానికి వాళ్ళకు పదకొండు సెకన్లు పట్టింది.

1966 ఏప్రిల్, ఒక మంగళవారం పొద్దున ఎనిమిదిన్నర. హిందూపురం స్టేషన్ రోడ్డులో సైకిల్ మీద పోతున్న సుబ్బన్నను నంబరు ప్లేటు లేని జీపొకటి వెనక నుంచి గుద్దింది. జీపులోంచి దిగినవాడు అతని నాడి చూడలేదు. చేతిసంచీ లాక్కున్నాడు, జీపెక్కాడు, పోయాడు. ఆ సంచీలో వాళ్ళకు దొరికింది పెరుగన్నం డబ్బా, ఇంట్లోకి కొన్న కొబ్బరినూనె సీసా. వాళ్ళు వెతుకుతున్న వస్తువు ఇంకా ఫ్యాక్టరీలోనే ఉంది.

పది గంటలకల్లా ట్రావెలర్స్ బంగళాలో చీఫ్ ఎదుట పుల్లయ్య నిలబడ్డాడు.

గూఢచారికి పుల్లయ్య అనే పేరేమిటని మొహం చిట్లించేవాళ్ళు చిట్లించుకోవచ్చు. మడకశిర పక్క పల్లెలో పుట్టినవాడికి పెట్టే పేరు అదే. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడూ అమ్మ ఒడిలో నేర్చినట్టే మాట్లాడతాడు. కదిలే రైలు ఎక్కుతాడు, దిగుతాడు. మూడు దేశాల పోలీసులు అతని కోసం గాలించారు. పేరు తెలిసీ సరిగ్గా పలకలేకపోయారు, పాపం.

చీఫ్ బల్ల మీద అరచేయంత చట్రం ఒకటి పెట్టాడు. అడ్డంగా, నిలువుగా వెంట్రుకల్లాంటి రాగితీగలు. అవి కలిసే ప్రతిచోటా ఆవగింజంత నల్ల ఉంగరం.

"కోర్ మెమరీ ప్లేన్. కంప్యూటర్‌కు జ్ఞాపకశక్తి ఇదే. అడ్డం అరవై నాలుగు వరసలు, నిలువు అరవై నాలుగు. నాలుగు వేల తొంభై ఆరు ఫెర్రైట్ ఉంగరాలు. ఒక్క ఉంగరం పగిలినా, ఒక్క తీగ తెగినా మెషిన్‌కు మతి తప్పుతుంది."

"ఎవరు చేశారు సార్?"

"ఈ ఊళ్ళోనే. కుముద్వతి కోర్స్ లిమిటెడ్. మన రాడార్ స్టేషన్లకు కంప్యూటర్లు కావాలి. పోయినేడు యుద్ధం రాగానే వీటిని అమ్మేవాళ్ళంతా చేతులెత్తేశారు. ఇప్పుడు హోల్ట్ అనే ఫారిన్ ఏజెంట్ మళ్ళీ అమ్ముతానంటున్నాడు, తను చెప్పిన షరతులకు. మనమే చేసుకోగలిగితే వాడి వ్యాపారానికి మంగళం."

"నా పని?"

"ధర్మవరం జంక్షన్‌లో ఒక స్పెషల్ కోచ్ ఆగి ఉంది. అందులో టెస్ట్ మెషిన్, ఢిల్లీ కమిటీ. నాలుగు గంటలకు దాన్ని మెయిలుకు తగిలిస్తారు. ఆలోపల ఈ ప్లేన్ పాసు కావాలి. కాకపోతే ఆర్డర్ హోల్ట్‌కి. కుముద్వతికి తాళం. తీగలు గుచ్చే నలభైమంది ఆడవాళ్ళు ఇంటికి."

"రోడ్డు మీద పోతే సుబ్బన్నకు పట్టిన గతే."

"అందుకే ప్యాసింజర్‌లో పో, జనం మధ్యన. వాళ్ళ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. పెనుకొండలో కలుస్తారు. కోడ్ గుర్తుపెట్టుకో. 'మడకశిరలో వాన పడిందా?' అని అడుగుతారు. 'పడింటే ఈడికెందుకొస్తా?' అనాలి."

అప్పుడే తలుపు తోసుకుని ఒకామె లోపలికి వచ్చింది. వయసు యాభై దాటింది. ధర్మవరం చీర, ఏడ్చి ఏడ్చి ఎర్రబడిన కళ్ళు. పేరు నరసమ్మ. ధర్మవరం మగ్గాల ఇంటి మనిషి. కుముద్వతిలో తీగలు గుచ్చే గదికి పెద్దదిక్కు.

"నేనూ వస్తా," అంది.

"ప్రమాదం అమ్మా," అన్నాడు చీఫ్.

"సుబ్బన్న సారు పొద్దున నా చేత్తో టీ తాగి పోయినాడప్పా. ఆడవాళ్ళకేం కంప్యూటర్ పని అని ఊరంతా నవ్వితే, ఆయప్పొక్కడే మా పక్కన నిలబడినాడు. ఇది ధర్మవరం చేరేదాకా నా చేతిలోనే ఉంటాది. ఆపేటోడు ఎవుడో ముందుకు రమ్మను."

చీఫ్ పుల్లయ్య వైపు చూశాడు. పుల్లయ్య టోపీ తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆమెతో వాదించే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

* * *

పన్నెండు గంటల ప్యాసింజర్‌లో పట్టుచీరల వ్యాపారి ఒకడు, వాళ్ళమ్మ కిటికీ పక్కన కూర్చున్నారు. అమ్మ ఒళ్ళో ఇత్తడి టిఫిన్ క్యారియర్. పైగిన్నెలో ఉగ్గాని. కిందిగిన్నెలో దూది మధ్య మెమరీ ప్లేన్. కొడుకు చేతిలో నల్ల గొడుగు. దాని పిడిలో మీట నొక్కితే కొనలోంచి మిరపపొడి చిమ్ముతుంది. డిపార్ట్‌మెంట్‌వాళ్ళు దానికి 'కెమికల్ వెపన్ మార్క్ టూ' అని పేరు పెట్టారు.

పెనుకొండలో సంత. స్టేషన్ రాగానే పెట్టె దాదాపు ఖాళీ అయింది. మిగిలింది వీళ్ళిద్దరూ, మూలన హిందూపురం నుంచీ గురకపెడుతున్న తెల్లగడ్డం పాదిరీ ఒకాయన. ఎదురుబండి కోసం రైలు ముప్పావుగంట నిలిచిపోయింది. పుల్లయ్య గడియారం చూసుకుంటూ లోలోపల రైల్వేవాళ్ళను తిట్టుకున్నాడు.

రైలు కదిలే క్షణంలో ఒక యువతి ఎక్కింది. నైలాన్ చీర, నల్లకళ్ళద్దాలు, పెట్టంతా గుప్పుమనే సెంటు. భుజానికి తోలు హ్యాండ్‌బ్యాగ్.

"మడకశిరలో వాన పడిందా?"

"పడింటే ఈడికెందుకొస్తా?"

"నీలావతి," అని చెయ్యి చాపింది. "మీరు మోసపోయారు మిస్టర్ పుల్లయ్య. ఫ్యాక్టరీలోనే ప్లేన్ మార్చేశారు. మీ దగ్గరున్నది డమ్మీ, నడుమ ఒక ఉంగరం పగిలి ఉంది. అసలుది నేను వాళ్ళ దగ్గర నుంచి కొట్టేశాను. ఇదిగో."

పుల్లయ్య క్యారియర్ విప్పగానే, బ్యాగులోంచి తీసిన ప్లేన్‌ను కిందిగిన్నెలోని ప్లేన్ పక్కన పెట్టింది. అదే చట్రం, అవే తీగలు, అంతే మెరుపు. కోడ్ సరిపోయింది. ఆమె మన మనిషే. పుల్లయ్య మార్చుకోవడానికి చెయ్యి చాపాడు.

"ఆగప్పా," అంది నరసమ్మ.

రెండు ప్లేన్‌లనూ చేతిలోకి తీసుకుంది. ఒకదాని తీగల కొసను నాలుకకు తగిలించింది. రెండోదాన్ని కూడా.

"క్యారియర్‌లో ఉండేది మాది. ఈయమ్మ తెచ్చింది దొంగది."

"ఎట్ల చెప్తావమ్మా?"

"బూడిదప్పా. పట్టుపోగులు మెలేసేటప్పుడు వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటాం. ఫ్యాక్టరీలోనూ అంతే. తెల్లగుడ్డలు కట్టుకోండి, దుమ్ము తగలకూడదు అని మేనేజరు రోజూ తిట్లు. సరే సరే అంటాం, రొండిలో బూడిద మూట పెట్టుకోనే పోతాం. మేం చేసిన తప్పు మా ప్లేన్ మీద ఉండాది. ఈయమ్మదాని మీద ఏ తప్పూ లేదు. కడిగిన ముత్యం. మా చేతిది ఎట్లయితాది?"

నీలావతి నవ్వింది. హ్యాండ్‌బ్యాగులోంచి బయటికొచ్చిన చేతిలో బుల్లి పిస్టల్ ఉంది.

"రెండు పక్కలా పనిచేస్తే ఇదే చిక్కు. క్యారియర్ ఇటివ్వండి."

మూలన గురక ఆగింది. పాదిరీ లేచి గడ్డం పీకి సీటు మీద పెట్టాడు. హోల్ట్. వాడి చేతిలోనూ పిస్టల్ ఉంది, అది ఇంకా పెద్దది.

"అమ్మా, ఆ పేటికను ఇటు దయచేయుడు," అన్నాడు. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మరి!

"ఈయప్ప హరికథ చెప్తాడా ఏంది?" అంది నరసమ్మ.

హోల్ట్ ప్లేన్ లాక్కున్నాడు. వేలి ఉంగరంలోంచి చిన్న కత్తెర విప్పి ఒకే ఒక్క తీగను చట్రం అంచున టుప్పున కత్తిరించాడు.

"దొంగదానిని మీ వారు గుర్తుపట్టెదరు. కావున అసలుదానిలోనే ముప్పది యేడవ వరుస. ఒక్కటి చాలును. ప్లేన్ రాకపోయిన కమిటీ వారు మరొక గడువు ఇయ్యవచ్చును. వచ్చి విఫలమైన ఇంకెన్నడు ఇయ్యరు. దీనిని నీలావతి కొనిపోవును. మీరిరువురు ఇచ్చటనే దిగెదరు, నిర్జీవులై. అమ్మా, మీ వ్రేళ్ళు మగ్గమునకు చాలును. కంప్యూటరునకు చాలవు."

నరసమ్మ వాడి వైపు కన్నెత్తి చూడలేదు. తెగిన తీగనే చూస్తోంది. తరవాత నీలావతి వైపు తిరిగింది.

"పొద్దున సుబ్బన్న సారును చంపిరి. ఇప్పుడు మమ్మల్ని. ఎంతమందిని తింటే మీకు కడుపు నిండుతాది తల్లీ?"

నీలావతి హోల్ట్ వైపు తిరిగింది. "సుబ్బన్నను చంపారా? సంచీ లాక్కుంటామనే కదా చెప్పావు!"

"వివరములు పిదప," అని హోల్ట్ పిస్టల్ ఆమె వైపు తిప్పాడు. "నీవును అనవసరముగా ప్రశ్నింపకుము."

ఆ ఒక్క క్షణం చాలు. పుల్లయ్య గొడుగు మీట నొక్కాడు. హోల్ట్ మొహం నిండా మిరపపొడి! తుపాకీ గుండు పైకప్పులోకి పోయింది. నీలావతి హ్యాండ్‌బ్యాగ్ వాడి చెవి మీద పడింది, పుల్లయ్య పిడికిలి గడ్డం కింద పడింది. దొర సీట్ల మధ్య చాపలా పరుచుకున్నాడు. పుల్లయ్య వాడి నోట్లో గుడ్డ కుక్కి, పట్టుచీరతో చేతులూ కాళ్ళూ కట్టేశాడు.

నీలావతి తన పిస్టల్ తిప్పి పుల్లయ్యకు ఇచ్చింది. "ముఠా పేర్లన్నీ రాసిస్తాను. సుబ్బన్న సంగతి నాకు నిజంగా తెలీదు."

"ఆ మాట చీఫ్‌తో చెప్పుకో," అన్నాడు పుల్లయ్య. ప్లేన్ చేతిలోకి తీసుకుని కూలబడ్డాడు. తీగ చట్రం అంచు లోపల తెగింది. పట్టుకుని అతకడానికి కూడా కొస లేదు. "అయిపోయిందమ్మా. కొత్త తీగ గుచ్చాలంటే ఒక పూట పడుతుంది."

"ఏంది అయిపోయింది?" నరసమ్మ గొంతు పెట్టెంతా వినిపించింది. "మగ్గం మీద పడుగు అయిపోతే మళ్ళా మొదటి నుంచి గుచ్చుతామా? పాతపోగు కొసకు కొత్తపోగు మెలేసి లాగుతాం. పాతది దోవ చూపిస్తాది, కొత్తది దాని వెంట పోతాది. ఒక్కొక్క మగ్గానికి వేల పోగులు. ఈడ ఒక్కటి! ఆ దొంగదాన్ని ఇట్లా ఇయ్యి."

డమ్మీ ప్లేన్‌లోంచి ఒక తీగ సర్రున పీకింది. అదే మందం, అదే రాగి.

"రైలు ఊగుతాంటే చెయ్యి నిలవదు. ఆపు."

పుల్లయ్య గొలుసు లాగాడు. రైలు కీచుమంటూ బయలు నడుమ నిలిచింది. నీలావతి బ్యాగులోంచి కనుబొమల వెంట్రుకలు పీకే చిన్న పట్టకారు తీసి నరసమ్మకు ఇచ్చింది. పౌడర్ డబ్బా అద్దంతో కిటికీ ఎండను సరిగ్గా ముప్పై ఏడో వరస మీదికి తిప్పి పట్టుకుంది.

నరసమ్మ రొండిలోంచి బూడిద తీసి వేళ్ళకు అద్దుకుంది. పాతతీగ కొసను పట్టకారుతో రవ్వంత బయటికి లాగి, కొత్తతీగను మెలేసింది. రెండో అంచు నుంచి లాగడం మొదలుపెట్టింది. ఒక ఉంగరం. రెండు. పది.

గార్డు పరిగెత్తుకొచ్చాడు. "ఎవరు లాగింది గొలుసు?"

"దొరకు వడదెబ్బ," అన్నాడు పుల్లయ్య, ఎర్రటి మొహంతో పడి ఉన్న హోల్ట్‌ను చూపిస్తూ. "కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడని కట్టేశాం. నాలుక కరుచుకుంటాడని నోట్లో గుడ్డ పెట్టాం. పది నిమిషాలు కదపకూడదంట."

"మిరపకాయల వాసనొస్తాండాది?"

"మా పక్క మందు అదే."

నలభై ఒకటో ఉంగరం దగ్గర తీగ ఆగింది. గట్టిగా లాగితే తెగుతుంది. నరసమ్మ లాగలేదు. కళ్ళు మూసుకుని తీగను వేళ్ళ మధ్య అరచుట్టు తిప్పింది. కదిలింది. నలభై రెండు. అరవై. అరవై నాలుగు.

"ఇంక పోనీప్పా నీ రైలు," అంది గార్డుతో.

* * *

ధర్మవరం చేరేసరికి మూడూ నలభై. హోల్ట్‌ను, నీలావతిని రైల్వే పోలీసులకు అప్పగించి ఇద్దరూ పట్టాలు దాటుకుంటూ పరిగెత్తారు. యాభై ఏళ్ళు దాటిన నరసమ్మే ముందుంది.

కోచ్‌లో కమిటీ చైర్మన్ అప్పటికే పెన్ను తెరిచి ఉన్నాడు. ఎదుట హోల్ట్ కంపెనీ కాగితం.

"టైమ్ లేదు," అన్నాడు.

"పన్నెండు నిమిషాలుండాది," అంది నరసమ్మ. "మేము నాలుగు నెలలు పనిచేసినాం. మీరు పన్నెండు నిమిషాలు కూచోలేరా?"

చైర్మన్ పెన్ను మూత పెట్టాడు. టెస్ట్ ఆఫీసర్ కొసలు సోల్డర్ చేసి, ప్లేన్‌ను మెషిన్‌కు తగిలించి స్విచ్ వేశాడు. వరసకొక దీపం. పచ్చ వెలిగితే పాస్, ఎర్ర వెలిగితే పోయినట్టే. పది వరసలు పచ్చ. ఇరవై పచ్చ. ముప్పై పచ్చ. ముప్పై ఆరు పచ్చ.

సరిగ్గా అప్పుడే మెయిలు ఇంజన్ వచ్చి కోచ్‌కు ఢీకొని తగులుకుంది. బల్ల అదిరింది. మెషిన్ ఊగింది. నరసమ్మ ఎగిరి రెండు చేతులతో చట్రాన్ని ఒడిసి పట్టుకుంది, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

ముప్పై ఏడో దీపం వెలగలేదు. పచ్చా కాదు, ఎర్రా కాదు.

పచ్చ.

తక్కినవి ఇరవై ఏడూ వరసగా వెలిగిపోయాయి. గార్డు ఈల వేశాడు. చైర్మన్ హోల్ట్ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి కుముద్వతి కాగితం మీద సంతకం పెట్టాడు. నరసమ్మ చట్రం వదిలి, బల్లకు ఆనుకుని, ఇంతసేపూ బిగబట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. "సుబ్బన్న సారూ, చూడు సారూ!" అని రెండుసార్లు అంది. పుల్లయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. అతని కళ్ళలోకీ ఏదో వచ్చింది, మిరపపొడి అని తరవాత రిపోర్టులో రాసుకున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు టెస్ట్ ఆఫీసర్ ఫారం తీసి. "ఆపరేటర్ శిక్షణ పొందిన సంస్థ? ఇది ఖాళీ వదలకూడదు. ఫారిన్ ట్రైనింగా మేడమ్?"

"ఏమంటాండాడప్పా?"

"ఈ పని నీకు ఎవరు నేర్పించినారని అడుగుతాండాడమ్మా," అన్నాడు పుల్లయ్య.

"మా అత్త ఉలిగమ్మ. ఈ స్టేషను వెనక వీధే. తప్పు మెలేస్తే వేళ్ళ మీద కొట్టేది."

ఆఫీసర్ నిబంధనల ప్రకారమే నింపాడు. 'శిక్షణ పొందిన సంస్థ: ఉలిగమ్మ, ధర్మవరం.'

ఆ ఫైలు ఢిల్లీ పోయి నెల తిరక్కుండానే వెనక్కి వచ్చింది. మార్జిన్‌లో ఎవరో పెద్ద అధికారి ఎర్రసిరాతో రాశాడు: 'ఈ సంస్థలో సీట్లు ఎన్ని? మనవాళ్ళు పన్నెండుమందిని వెంటనే పంపండి.'