ముందు మిగిలిన సెకను

పెద్ద వయసులో పట్టుబడిన రాత నాది. చాలా నెమ్మదిగా రాశాను. అక్షరం తప్పితే సర్దుకుని చదవండి.

"మన నకిలీ స్థావరం వీడియో మొదట్లో, దాన్ని తీసిన మన డ్రైవర్ మొహం ఉంది. కెమెరా సర్దుతుంటే రికార్డయిపోయింది. అది కోసేసి ముఠాకు అమ్ము. నకిలీ స్థావరాన్ని నిజమని నమ్మి దాడికొస్తే మన వలలో పడతారు. ఆ మొహం కనిపించిందో, డ్రైవర్ శవమైపోతాడు," అన్నాడు చీఫ్.

ముఠా నాయకుడి కారు నడుపుతూ వాళ్లలో కలిసిపోయిన ఆ డ్రైవర్, ఏజెంట్ డేగకు స్వయానా అక్క మొగుడు.

"మా బావ సంగతి నాకు చెప్పాలా?" కసిరాడు డేగ.

"చెప్పాలి. నువ్వసలే తొందర మనిషివి."

మర్నాడు హోటల్ గది. పెట్టుడు మీసంతో, రహస్య వీడియోలు అమ్మే దళారీ వేషంలో డేగ. ఎదురుగా నాయకుడు, అతడి ముందు పిస్టల్. కుర్చీ వెనక బావ. సోఫాలో ఎర్ర గౌనుతో నెమలి, రెండు పక్షాల జీతమూ తినే గూఢచారిణి. ఒరిజినల్ వీడియోను చీఫ్‌కు చేర్చింది ఆమే. మొదట్లో ఎవరి మొహముందో ఆమెకు తెలుసు. ఇవాళ ఆమె ఎవరి మనిషో మాత్రం ఎవరికీ తెలియదు.

లాప్‌టాప్‌లో వీడియో శుభ్రంగా ఆడింది. గేటు, ట్రక్కులు, గోదాము.

"ఇంత చిన్న తెర మీద ఏం కనిపించి చచ్చింది?" నాయకుడు పెన్‌డ్రైవ్ లాక్కుని టీవీకి గుచ్చాడు.

డేగకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున హడావిడిలో 'ఫాస్ట్ కట్' నొక్కాడు. కుదించిన వీడియోలో అన్నీ పూర్తి బొమ్మలు కావు. అక్కడక్కడ ఒక పూర్తి బొమ్మ, దాని వెనక మారిన ముక్కలు మాత్రమే ఉంటాయి. ఫాస్ట్ కట్ పూర్తి బొమ్మ దగ్గరే తెంచగలదు. అందుకే అడిగిన చోటికంటే ముందే తెంచి, ఆ మిగులును చూపించొద్దని ఫైల్లో ఒక సూచన పెట్టి చేతులు దులుపుకుంటుంది. లాప్‌టాప్ ఆ మాట విన్నది. టీవీ వింటుందా?

"ఆగండి, టీవీకి సరిపడేలా మార్చిస్తాను."

"ఏసీ గదిలో చెమటలేంట్రా నీకు?" పిస్టల్ అతడి వైపు తిరిగింది.

డేగ నెమలి కళ్లలోకి చూశాడు.

"మేడమ్, టీవీ మీద ఎండ పడుతోంది. కర్టెన్ లాగుతారా?"

"నేనేమన్నా నీ పనిమనిషినా?" విసుక్కుంటూనే లేచి టీవీ ముందుగా నడిచింది.

నాయకుడు రిమోట్ నొక్కాడు. టీవీ మాట వినలేదు. నెమలి భుజం పక్కనుంచి బావ చెవీ, సగం బుగ్గా డేగకు కనిపించాయి.

"అడ్డు తప్పుకోవే!" నాయకుడు అరిచాడు.

ఆమె తప్పుకునేసరికి తెర మీద గేటు ఉంది.

వీడియో పూర్తవగానే ఆమే పెన్‌డ్రైవ్ పీకి డేగ మొహాన కొట్టింది. "బొమ్మ గెంతుతోంది. సరైన కాపీ ఇచ్చి తగలడు!"

ఈసారి డేగ సరిగ్గా గేటు బొమ్మ నుంచి వీడియో మొత్తాన్ని కొత్తగా ఎన్‌కోడ్ చేశాడు, అంటే ముందు మిగులేమీ లేకుండా మళ్లీ కట్టించాడు. లాప్‌టాప్‌లో పని ఎంతయిందో చూపిస్తూ నత్తలా పాకే గీత నిండేదాకా ఊపిరి పీల్చలేదు.

ఆ వారంలోనే ముఠా మొత్తం నకిలీ స్థావరంలో దొరికిపోయింది.

"తప్పు నాదే బావా. కోత కాస్త ముందే పడింది," అన్నాడు డేగ.

బావ మెడ తడుముకున్నాడు. "ఆ ముక్క మీ అక్కకు నువ్వే చెప్పుకో. నాకు పిస్టల్ ముందు నిలబడటమే తేలిక."

— అందరూ పిన్ని అని పిలిచే నేను, డెబ్బై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం కూతురింటి మేడమీది గదిలో.