పాత అద్దంలో నీడదొర

అది భాద్రపద బహుళ తదియ. ఆ పగలు కేతకి ఇంట్లో చామదుంపల పులుసు, జొన్న సంకటి. ఆ తిథీ ఆ తిండీ రెండూ కేతకికి జీవితమంతా గుర్తుండిపోయాయి. అక్క వకుళ ఆ పూట పులుసు మారు వడ్డించుకుని, "ఉప్పు తగ్గిందే, కేతకీ" అని వేళాకోళం చేసి, చెయ్యి కడుక్కుని అద్దాల మేడకు వెళ్ళింది. వెళ్ళి కూర్చున్న చోటునుంచి మళ్ళీ లేవలేదు.

మణిపాక రాజ్యంలో అద్దాల మేడ తెలియని పిల్లలు లేరు. అక్కడ ఒక్కో గదిలో ఒక్కో మాయా అద్దం. దాని ముందు కూర్చుని చట్రానికి అరచెయ్యి ఆనిస్తే ఒళ్ళు ఇక్కడే ఉంటుంది, ప్రాణం మాత్రం అద్దంలోకి వెళ్ళి ఆడుకుంటుంది. లోపల అడవులు, కోటలు, రాక్షసులు. ఆడేవాడు కత్తి పట్టిన వీరుడు. కొత్త అద్దాల్లో అంతా సుఖమే. బంగారు తుమ్మెద ఒకటి ముందు ఎగురుతూ దారి చూపిస్తుంది. దెబ్బతిని పడిపోయినవాడు పడిన చోటే లేచి నిలబడతాడు.

మేడ కింది గదిలో మాత్రం ఒక పాత అద్దం ఉంది. రాజుగారి ముత్తాత కాలం నాటిది. దాని ఆట కష్టమని, అందులో తుమ్మెద ఉండదని అందరూ దాన్ని వదిలేశారు.

ఆ ఏడు వేసవి చివర్లో రాజ్యానికి ఒక పీడ పట్టింది. బావిలోకి తొంగిచూసినవాళ్ళకు నీళ్ళు కనిపించాయి గాని, నీళ్ళలో తమ ముఖం కనిపించలేదు. తరువాత చెరువుల్లోనూ అంతే, తోమిన ఇత్తడి చెంబుల్లోనూ అంతే. ముఖం పోగొట్టుకున్నవాళ్ళు ముందు నవ్వడం మానేశారు, ఆ తరువాత మాట్లాడడం మానేశారు. తల్లులు బిడ్డల్ని పిలవబోయి, పేరు గుర్తురాక నోరు తెరిచి అలాగే నిలబడిపోయేవారు. రాజు విక్రాంతుడు జ్యోతిష్కులను పిలిపించాడు. "పాత అద్దంలో ఉన్న నీడదొర బయటికి పాకుతున్నాడు, ప్రభూ. ఎవరైనా లోపలికి వెళ్ళి ఆ ఆట గెలిస్తేనే వాడు ఆగుతాడు" అన్నారు వాళ్ళు.

కొత్త అద్దాల్లో ఓటమి ఎరగని వీరులంతా, వాళ్ళతోపాటు వకుళా, ఆ గదిలోకి వెళ్ళారు. ఒక్కరూ లేవలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, ఊపిరి ఆడుతూనే ఉంది. ఒళ్ళు మాత్రం వేళ్ళ కొసల నుంచి చల్లబడుతూ వచ్చింది. ఆ చల్లదనం గుండెకు చేరితే మనిషి దక్కడని రాజవైద్యుడు తేల్చేశాడు. వకుళ చేతిలో అది మోచేతిదాకా పాకిన రోజున కేతకి మేడ మెట్లెక్కింది.

గుమ్మంలో మేడ కాపరి చెంచయ్య తాత కూర్చుని ఉన్నాడు. అతని కాపురం ఆ మేడలోనే. భార్య నాంచారమ్మ కిందటేడు పోయింది. పాత అద్దం చేసింది ఆమె తండ్రే.

"నువ్వా ఆడేది?" అన్నాడు తాత. "కొత్త అద్దాల్లోనే మొదటి వాగులో పడేదానివి కదే, అమ్మడూ!"

"పడతాను తాతా. కానీ మా అక్క లోపలుంది."

తాత తన పక్కన చోటు చూపించాడు. "అయితే కూర్చో. వచ్చిన వీరులందరికీ చెప్పాను. చెవి నాకిచ్చారు, కళ్ళు అద్దానికిచ్చారు. పడుచు రోజుల్లో నేనూ మీ అవ్వా ఇందులో ఆడాం. మొదటి వంతెన దగ్గర ఒక కప్ప ఉంటుంది. అది నన్ను ఎన్నిసార్లు మింగిందో మీ అవ్వ పదిమందిలో చెప్పి నవ్వేది."

"కప్పా?"

"నవ్వకు. దాని ముందు నిలబడితే తెలుస్తుంది. చూడమ్మా, లోపల నీకు దారి చూపేవాళ్ళుండరు. అందుకని కనిపించిన ప్రతివాళ్ళతో మాట్లాడు. పిచ్చిమాటలా అనిపించినా విను. తిరిగొచ్చి మళ్ళీ మాట్లాడు. రెండోసారి వేరే మాట చెబుతారు. దీపపు గూడు కనిపిస్తే వెలిగించకుండా ముందుకు పోకు. పడితే ఆ దీపం దగ్గరే లేస్తావు, దీపం లేకపోతే లేవనే లేవవు. ముందుకు పోయి ఇంకోటి వెలిగించాక పాతదాన్ని ఆర్పెయ్యకు."

"వంతెన దగ్గరే నన్ను మింగేస్తే?"

"పరుగెత్తు. అందులో సిగ్గేముంది? బలం చాలకపోతే వెనక్కి వచ్చి, చిన్నచిన్న పురుగూ పుట్రలతో పోరాడి చెయ్యి తిప్పడం నేర్చుకుని మళ్ళీ వెళ్ళు." తాత లోపలికి వెళ్ళి రెండు మందుబుడ్లు, ముగ్గుపిండి ఉన్న ఒక కొబ్బరిచిప్ప తెచ్చాడు. "మందు పెద్ద రాక్షసుడి కోసమని దాచుకోకు. అందరూ అలాగే దాచుకుని, బుడ్డి చేత్తో పట్టుకునే చస్తారు. ఈ పిండి మీ అవ్వది. తిరిగిన దారి గుర్తులు పెట్టుకో."

కేతకి కింది గదిలోకి వెళ్ళింది. బిగుసుకుపోయిన మనుషుల మధ్య అక్క పక్కన కూర్చుని, ఆ చల్లని చేతిని గట్టిగా పట్టుకుని, రెండో అరచెయ్యి చట్రానికి ఆనించింది.

లోపల ఆకాశం లేదు. తలపైన బూడిదరంగు పొగ, కాళ్ళ కింద తడినేల. ఆమె చేతిలో కత్తి, నడుముకు తాత ఇచ్చిన బుడ్లూ పిండిచిప్పా ఉన్నాయి. వాగు ఒడ్డున ఒక ముసలామె బుట్ట అల్లుతోంది.

"అవ్వా, నీడదొర కోట ఎటు?"

"ఈ ఏడు చలి ముందే వచ్చింది" అంది ముసలామె.

"దారి చెప్పవూ?"

"ఈ ఏడు చలి ముందే వచ్చింది."

ఎన్నిసార్లు అడిగినా ఆమె అదే మాట, అదే గొంతుతో. ముసలామె వెనుక రాతిగూట్లో దీపం కనిపిస్తే, తాత మాట గుర్తొచ్చి వెలిగించి వంతెన వైపు నడిచింది.

కప్ప అక్కడే ఉంది, ఎడ్లబండి అంత ఒళ్ళు వేసుకుని. అది నాలుక విసిరితే వంతెన పలకలు ఎగిరాయి. కేతకి భుజం చీరుకుపోయింది. కత్తి అక్కడే పారేసి, వాగులో పడుతూ లేస్తూ వెనక్కి పరుగెత్తింది. గూటి దగ్గర కూలబడి ఒక బుడ్డి తాగింది.

ముసలామె అల్లడం ఆపి తల తిప్పింది. "తడిసిపోయావు, తల్లీ" అంది. ఆ చోట ఆ మాట వినేసరికి కేతకికి ఏడుపొచ్చింది. ముసలామె తన బుట్టలోంచి బియ్యప్పిండి మూట తీసి ఇచ్చింది. "ఆకలైతే రొట్టె కాల్చుకో. ఆ కప్పకు ఎడమ కన్ను గుడ్డి. దాని ఎడమపక్కగా నడువు."

కేతకి ఎడమపక్కగా, ఊపిరి బిగబట్టి నడిచింది. కప్ప కదలలేదు.

ఆ తరువాత అడవి. చెట్లకు ఆకులు లేవు, ఒక్కో మాను మీద ఒక్కో మనిషి ముఖం గీతలా మెదిలి మాయమయ్యేది. కోట వాకిట్లో ఒక నల్లని దుమ్ములగొండి అడ్డంగా పడుకుని ఉంది. దాని డొక్కలో విరిగిన బాణాలు. ముందు వచ్చిన వీరులు కొట్టినవే. కేతకిని చూసి అది పళ్ళు బయటపెట్టింది గాని లేవలేకపోయింది.

కేతకి చేతిలో మిగిలింది ఒక్క బుడ్డి. ముందు నీడదొర ఉన్నాడు. దాచుకుందామనే అనుకుంది. కానీ దుమ్ములగొండి మూలుగు, జ్వరంలో అక్క మూలిగే మూలుగులా వినిపించింది.

"కరిస్తే ఊరుకోను" అని, బాణాలు పీకి, మందంతా పుండ్ల మీద పోసింది. అది ఆమె మణికట్టు వాసన చూసి పక్కకు జరిగింది.

కోటలో రెండో దీపం వెలిగించి లోపలికి వెళ్ళింది. వరసలుగా స్తంభాలు, వాటి చుట్టూ తాడు మెలికల్లా తిరిగే గోడలు. తలుపు ఎక్కడా లేదు. స్తంభం దాటిన ప్రతిసారీ చిటికెడు పిండితో చుక్క పెట్టుకుంటూ నడిచింది. ఒకచోట మాత్రం గోడ తెగి ఉంది. ఆ సందులోంచి చల్లని గాలి బయటికి పారుతోంది. వెళ్ళిన వీరులందరి అడుగుజాడలూ అక్కడే లోపలికి దిగాయి.

లోపల నడిమి స్తంభం దగ్గర నీడదొర కూర్చున్నాడు. వాడికి తనదంటూ ముఖం లేదు. ఒక ముఖం జారి ఇంకొకటి వచ్చి కూర్చుంటోంది. చుట్టూ పొగబొమ్మల్లా వీరులు, వాళ్ళ మధ్య వకుళ. వాడు కేతకి వైపు తిరిగేసరికి వాడి మీద ఉన్నది వకుళ ముఖం.

"ఉప్పు తగ్గిందే, కేతకీ" అన్నాడు వాడు, అక్క గొంతుతో.

"అక్కా!" అంటూ కేతకి పరుగెత్తింది. ఆ పరుగులోనే నేల మాయమైంది. పడిపోతూ చూసింది. వాడు చెయ్యి చాచి కోటలోని దీపాన్ని రెండు వేళ్ళతో నులిమేశాడు.

కళ్ళు తెరిచేసరికి వాగు ఒడ్డు. పాత దీపం ఇంకా వెలుగుతోంది. బుట్ట అల్లే ముసలామె ఆ దీపానికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.

కేతకి తన చేతులు చూసుకుంది. వేళ్ళు మొద్దుబారాయి. అక్కకు ఈపాటికి చల్లదనం భుజందాకా వచ్చి ఉంటుంది. పరుగెత్తాలనిపించింది. కానీ పరుగెత్తినందుకే కదా పడింది. ఆమె కూర్చుని, కోటలో తిరిగిన దారినంతా నేల మీద పిండితో గీసుకుంది. స్తంభం ఉన్నచోట చుక్క. గోడ తిరిగినచోట గీత. గీసిన కొద్దీ చెయ్యి తనంతట తానే కదలసాగింది.

ఇది తనకు తెలిసిన ముగ్గే! చిన్నప్పుడు పూలు అమ్మడానికి అద్దాల మేడకు వెళ్ళినప్పుడల్లా నాంచారమ్మ అవ్వ గుమ్మంలో వేస్తూ కనిపించేది ఇదే మెలికల ముగ్గు. "తొక్కకే పిల్లా! చుట్టూ తిరిగి రా!" అని అవ్వ కసురుకునేది. గీత మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపేదాకా పలకరించినా పలికేది కాదు. "కలపకుండా వదిలేస్తే లోపలున్నవాడు లేచి నడుస్తాడు" అనేది. పిల్లల్ని బెదిరించడానికి అంటోందనుకునేవాళ్ళు.

అవ్వ పోయాక ఆ గుమ్మంలో ముగ్గు పడలేదు. చావు జరిగిన ఇంట ముగ్గు వెయ్యరు కనుక ఎవరూ అడగలేదు. ఏడాది తిరిగాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వేస్తామని వస్తే, "వద్దమ్మా, అది ఆవిడ చెయ్యి పడిన చోటు" అని తాతే పంపించేశాడు. మేడ బయట ఆ గీత చెరిగిపోయింది. అద్దం లోపల కోటలో గోడ తెగింది. వీరులు ద్వారమనుకుని దూరింది ద్వారం కాదు. నీడదొర బయటికి పాకే సందు.

కేతకి మళ్ళీ కప్ప ఎడమపక్కగా, ముఖాల అడవి గుండా నడిచింది. ఈసారి దుమ్ములగొండి లేచి ఆమె వెంట వచ్చింది. తెగిన గోడ దగ్గర కేతకి లోపలికి దిగలేదు. బయటే వంగి, నేల మీద పిండిగీత మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావే?" అక్క గొంతు. "లోపలికి రావే. చలేస్తోంది."

కేతకి తల ఎత్తలేదు.

"నన్ను ఇక్కడే వదిలేస్తావా?"

ఆమె కన్నీళ్ళు పిండి మీద పడుతున్నాయి. గీత ఇంకా జానెడు ఉందనగా చిప్ప ఖాళీ అయింది. అది చూసి నీడదొర లేచాడు. అన్ని ముఖాలూ ఒక్కసారిగా అరిచాయి. వాడి చెయ్యి సందులోంచి దూసుకొస్తుంటే దుమ్ములగొండి ఎగిరి ఆ చేతిని కరిచి పట్టుకుంది. కేతకి నడుముకున్న బియ్యప్పిండి మూట విప్పి, గుప్పిటతో తీసి, గీతను మొదలుపెట్టిన చోటికి తెచ్చి కలిపేసింది.

అరుపు ఆగిపోయింది. తెల్లని గీత పైకి లేచి గోడయింది. నీడ ఆ గోడను దాటలేకపోయింది. వెలుతురుతో చేసిన ముఖాలు మాత్రం ఒక్కొక్కటే వాడి మీద నుంచి జారి, పక్షుల్లా గోడ దాటి వెళ్ళిపోయాయి. చిట్టచివర వకుళ ముఖం కేతకి చెంపను రాసుకుంటూ పోయింది.

మేడ కింది గదిలో మనుషులు నిద్రలేచినట్టు లేచారు. వకుళ తన చెయ్యి చెల్లెలి చేతిలో ఉండడం చూసి, "ఇంత గట్టిగా పట్టుకున్నావేమే, నొప్పి!" అంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కేతకి వదల్లేదు. బయట బావుల దగ్గర జనం ఎవరి ముఖం వాళ్ళు చూసుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు.

రాజు విక్రాంతుడు స్వయంగా వచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు. "అద్దాల మేడ గుమ్మం మాకు అప్పగించండి, ప్రభూ. రోజూ మేమే ఊడ్చి ముగ్గేస్తాం" అంది కేతకి. రాజు నవ్వి, మేడతో పాటు దాన్ని నడిపే అధికారం కూడా అక్కాచెల్లెళ్ళకే ఇచ్చాడు.

ఆ సాయంత్రమే చెంచయ్య తాత ఇంట్లో చామదుంపల పులుసు వండారు. వకుళ ఒక ముద్ద తిని, చెల్లెలి ముఖం చూసి, "సరిపోయిందిలే" అంది.

చీకటి పడబోతుంటే కేతకి మేడ గుమ్మం కడిగి, అవ్వ ముగ్గు వేసింది. ఒకచోట మెలిక తప్పబోతుంటే తాతే, "ఉహు, అక్కడ ఆవిడ ఎడమకు తిప్పేది" అన్నాడు. ఇన్నేళ్ళూ తాను దాన్ని చూస్తూనే ఉన్నానని అప్పుడే తెలిసినట్టు ఆగి, పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు. గీత మొదలైన చోటికి వచ్చి కలిసింది. తాత దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.