మోచెయ్యి హీరోయిన్

"ఇక్కడ కత్తెర పట్టుకుని కూచునేది ఎవరు?"

ఆ అమ్మాయి బెంగాలీలో అడిగింది. తలుపు తట్టలేదు. బయట వాన టాలీగంజ్‌ని ముంచెత్తుతోంది. అందులో సగం వాన ఆమె గొడుగులోంచి ఎడిటింగ్ గదిలోకి కారుతోంది. గొడుగు పట్టుకున్న తీరు చూస్తే అది వానకోసం తెచ్చుకున్నట్టు లేదు.

జయంత్ హెడ్‌ఫోన్స్ తీశాడు. గదిలో తను తప్ప ఇంకెవరూ లేరు కాబట్టి తప్పు ఇంకొకరి మీదకి తోసే వీలు లేదు.

"నేనే ఎడిటర్‌ని. మీరెవరు?"

"గుర్తుపట్టలేదు కదా? ఎలా పడతావు! ఇదిగో, దీన్ని చూడు." ఆమె చెయ్యి మడిచి మోచెయ్యి అతని ముక్కు దగ్గర పెట్టింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా?"

వచ్చింది. "చచ్చాను రా బాబూ" అని గొణుక్కున్నాడు జయంత్.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఓలప్పా! తెలుగోడివా?"

అంతే, బెంగాలీని పక్కన పెట్టేసింది. తిట్టడానికి సొంత భాష దొరికితే మనిషికి కలిగే హాయి ఆమె ముఖంలో కనబడింది.

ఆమె పేరు రమాకుమారి. తండ్రి గవరయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రేవులో పనిచేస్తున్నాడు. ఇల్లు గార్డెన్ రీచ్‌లో. ఆమె పగలు మెటియాబ్రుజ్‌లోని బట్టల కార్ఖానాలో కాజాలు కుడుతుంది, సెలవు పెట్టి మరీ సీరియళ్ళలో చిన్న వేషాలు వేస్తుంది. 'మల్లిక్‌బాడీర్ మేజోబౌ', అంటే మల్లిక్ వారింటి రెండో కోడలు, అనే బెంగాలీ సీరియల్లో ఆమెకి పనిమనిషి మాలతి వేషం దొరికింది. చివరి ఎపిసోడ్లలో మాలతికి మంచి సీన్లు రాశారు, తీశారు కూడా. ఈలోగా రేటింగులు పడిపోయాయని చానల్ వాళ్ళు తొందరగా ముగించెయ్యమన్నారు. వాళ్ళు చెప్పిన చోటల్లా జయంత్ కత్తిరించాడు.

"మా గల్లీ అంతా టీవీ ముందు కూకున్నాది. మా అయ్య సమోసాల్లాటి శింగాడాలు తెచ్చి అందరికీ పంచినాడు. మా మామ్మ పట్టు కోక కట్టింది, నన్ను సూడ్డానికని. ఏటి సూసినారు? టీ కప్పొకటి, దానెనకాల నా మోచెయ్యి! ఇప్పుడు మా ఈదిలో నా పేరేటో తెల్సా? మోచెయ్యి హీరోయిన్!"

జయంత్ నవ్వేశాడు. నవ్వకూడదని తెలిసేసరికి ఆలస్యమైంది.

"నవ్వుతావేటి? నా మొహాన్ని ఏటి సేసినావు?"

"హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉందండీ."

"అక్కడుండి ఎవుల్ని ఉద్దరిస్తాది?"

అదృష్టవశాత్తూ తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి వచ్చింది డైరెక్టర్ ఆశిష్‌దా. కుర్తా ఒంటికి అతుక్కుపోయింది, గెడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి, ముఖం మాత్రం లాటరీ తగిలినట్టుంది.

"జొయంతో! సీరియళ్ళు వేసే యాప్ వాళ్ళు ఒప్పుకున్నారు! చివరి ఎపిసోడ్లు నేననుకున్నట్టే మళ్ళీ కట్ చెయ్యమన్నారు. డైరెక్టర్స్ కట్!" అంటూ రమాకుమారిని చూసి ఆగిపోయాడు. "ఆరే, మాలతీ! నువ్వే కదా నా చివరి షాటు!"

గొడుగు కిందికి దిగింది.

* * *

చానల్ వేసిన ముగింపులో అత్తగారు మారిపోతుంది, చిన్నిల్లు పెట్టిన మొగుణ్ణి మేజోబౌ క్షమించేస్తుంది, శంఖాలు ఊదుతారు, కుటుంబమంతా మెట్లమీద నిలబడి ఫొటో దిగుతుంది. ఆశిష్‌దా ముగింపులో ఆమె ఎవర్నీ క్షమించదు. పెట్టె తీసుకుని వెళ్ళిపోతుంది. మొగుడు వెనకాల పరిగెత్తుకొస్తే పనిమనిషి మాలతి గుమ్మంలో అడ్డం నిలబడుతుంది. అతన్ని చూస్తుంది. కళ్ళనిండా నీళ్ళు. పెదవులు కదులుతాయి. అతని ముఖాన తలుపు వేసేస్తుంది. అంతే, కథ అయిపోయింది.

జయంత్ ఆ షాటుని మర్నాడు మొదటిసారి చూశాడు. చానల్ కట్‌లో ఎలాగూ ఉండదని అంతకుముందు చూడనేలేదు. తెరనిండా రమాకుమారి ముఖం. వాన వెలుగులో, నూనె రాసిన జుట్టుతో. ఎడిటర్ అనేవాడు ముఖాలు చూసీ చూసీ విసిగిపోతాడు. జయంత్ దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. పనికోసమే అని తనకి తను చెప్పుకున్నాడు.

అప్పుడు ఆమె చీరకి దాచిన మైకు పట్టుకున్న గొణుగుడు హెడ్‌ఫోన్స్‌లో వినబడింది.

"ఓలమ్మా, కాలు తొక్కేసినాడు! బూటు తియ్యరా దున్నపోతా! సెంటు కంపొకటి, వాంతొస్తంది..."

జయంత్ కుర్చీలోంచి జారిపోయాడు. హీరోగారు పరిగెత్తుకొచ్చిన ఊపులో నిజంగానే ఆమె కాలు తొక్కాడు. ఆ కన్నీళ్ళు అసలు సిసలు కన్నీళ్ళు.

వెనకనుంచి ఆశిష్‌దా ఒక హెడ్‌ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఆ రోజు మానిటర్‌లో పెదవులే చూశాను. అది ఆమె భాషా?"

"అవును దాదా."

"ప్రార్థన... కదూ?"

ఉన్నది చెబితే షాటు పోతుంది. నలిగిన కాలితో, తిట్లతో సీరియల్ ముగించే డైరెక్టర్ ఎవడుంటాడు? వేరే టేకు లేదు. రమాకుమారి మళ్ళీ మోచెయ్యి అయిపోతుంది.

"ప్రార్థనే దాదా. వాళ్ళ ఊరివాళ్ళు గంగమ్మని అలా తలుచుకుంటారు."

"సంగీతం వద్దు. ఏమీ వద్దు. ఈ గొంతొక్కటే ఉండాలి!" అన్నాడు ఆశిష్‌దా. "కింద సబ్‌టైటిల్ నువ్వే రాయి."

జయంత్ బెంగాలీలో రాశాడు: 'తల్లీ గంగా, ఇతన్ని క్షమించు.'

* * *

మిగతా సీన్లలో వాన చప్పుడు మాటల్ని మింగేసింది. వాటికి మళ్ళీ గొంతు ఇవ్వడానికి రమాకుమారి తరచుగా రావలసి వచ్చింది. ఒక్కపూటలో అయ్యే పనిని జయంత్ చాలా పూటలకి సాగదీశాడు. పని అయ్యాక వీధి మొగలో మట్టి కప్పుల్లో టీ తాగేవాళ్ళు.

"నీ తెలుగు వార్తలు సదివినట్టుంటాది" అనేది ఆమె.

"మా అమ్మ బ్యాంకు ఆఫీసర్. ఇంట్లో కూడా సర్క్యులర్ లాగే మాట్లాడుతుంది. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగులో తిట్లు కూడా సరిగా రావు."

"నేర్పిస్తాన్లే. అదొక్కటే నాకాడున్న ఆస్తి."

అతనికి పొలమారింది. ఆమె అతని వీపు మీద చరిచింది, కాస్త గట్టిగానే. ఆ షాటులోని తిట్ల సంగతి చెప్పెయ్యడానికి అదే సమయం అనుకున్నాడు. ఆమె ముఖం మీదకి వాన చినుకొకటి జారి ముక్కుమీద ఆగింది. రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపూ వాన పడింది.

"ఈసారి నా మొహం కనబడతాదా?" అని అడిగిందొకసారి.

"చివర్లో నీ ముఖం తప్ప ఇంకేం కనబడదు."

ఆమె కప్పులోకి చూస్తూ నవ్వుకుంది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

* * *

యాప్‌లో విడుదలైన ఆదివారం మధ్యాహ్నం గార్డెన్ రీచ్ తెలుగువాళ్ళ క్లబ్బులో గోడకి తెల్ల దుప్పటి కట్టారు. గవరయ్య మళ్ళీ శింగాడాలు తెచ్చాడు. జయంత్‌తో పాటు వాళ్ళమ్మ జ్ఞానప్రసూన కూడా వచ్చింది. కొడుకు స్నానం చేస్తూ పాటలు పాడుతున్నాడు కాబట్టి కారణం తన కళ్ళతో చూడాలని ఆవిడ పట్టుదల.

చివరి ఎపిసోడ్ మొదలైంది. పెట్టె పట్టుకుని కోడలు వెళ్ళిపోతుంటే ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. గుమ్మంలో మాలతి. దుప్పటినిండా రమాకుమారి ముఖం. గవరయ్య అప్పుడే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

పెద్ద స్పీకర్లలోంచి స్పష్టంగా వచ్చింది గొంతు.

"బూటు తియ్యరా దున్నపోతా!"

ముందు వరసలోంచి మామ్మ జగ్గమ్మ ఒక్కర్తే అడిగింది: "దున్నపోతంటన్నాదేటే మన గుంట?"

అంతే, క్లబ్బు పగిలిపోయింది. మగవాళ్ళు బెంచీల మీంచి పడ్డారు. కుర్రకారు ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక గవరయ్య శింగాడా చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

రమాకుమారి నవ్వలేదు. జనాన్ని తోసుకుంటూ జయంత్ దగ్గరికి వచ్చింది.

"నువ్వు తెలుగోడివే కదా. ఇన్నావు కదా?"

"విన్నాను."

"నేను తిడితే కింద గంగమ్మని రాసినావు. తెల్సే ఒగ్గేసినావు. నాతో టీలు తాగుతా లోపల నవ్వుకున్నావన్నమాట. మోచెయ్యే నయం. దానికి నోరు నేదు."

"రమా, అది కాదు..."

"ఎలిపో."

వెళ్ళక తప్పలేదు. దారిలో ఆటోలో జ్ఞానప్రసూన కొడుకు వైపు తిరిగింది. "అమ్మాయి బాగుంది. నువ్వే బాగాలేవు."

* * *

కలకత్తా మాత్రం ఆ షాటు చూసి తలకిందులైపోయింది. మారిన ముగింపు గురించి పత్రికలు వ్యాసాలు రాశాయి. 'నీటి ఒడ్డు మనుషుల ఆదిమ ప్రార్థన' అన్నాడొక విమర్శకుడు. పొగడ్తలకి పొంగిపోయి ఆశిష్‌దా పెద్ద హాల్లో సభ పెట్టించాడు. నటులందరినీ పిలిచాడు. రమాకుమారి తండ్రితో వచ్చింది, జయంత్ వైపు చూడకుండా కూర్చుంది. జయంత్ పక్కన జ్ఞానప్రసూన, పిలవకపోయినా.

ఆశిష్‌దా రమాకుమారిని వేదిక మీదకి పిలిచి మైకు చేతికిచ్చాడు. "ఆ ప్రార్థన అర్థం నీ నోటితోనే చెప్పమ్మా."

ఆమె మైకు పట్టుకుని నిలబడింది. నిజం చెబితే జయంత్ ఉద్యోగం పోతుంది. అబద్ధం చెబితే జీవితాంతం ఆ గంగా ప్రార్థన మోసుకు తిరగాలి. ఆమె మొదటిసారి అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది గాని, పట్టివ్వాలన్న ఉద్దేశం లేదు.

జయంత్ లేచి నిలబడ్డాడు.

"అది ప్రార్థన కాదు దాదా. హీరోగారు ఆమె కాలు తొక్కారు. దున్నపోతా, బూటు తియ్యరా అంది. సెంటు గురించి కూడా ఒక మాట అంది."

ముందు వరసలో హీరోగారు తన బూట్ల వంక చూసుకున్నాడు.

"అబద్ధం నాది. ఆమెకి తెలియదు. చెబితే మీరు షాటు తీసేస్తారనుకున్నాను. ఆ ముఖాన్ని నేను ఒకసారి కత్తిరించాను. రెండోసారి నావల్ల కాలేదు. రోజూ అదే చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అదే కనబడుతోంది. నా పరిస్థితి అది."

ఆశిష్‌దా ఒక్కసారిగా చేతులు పైకెత్తాడు.

"అదే కదా! మల్లిక్ వంశం తరతరాలుగా పనిమనిషి కాలు తొక్కుతూనే ఉంది! నా షాటుకి అర్థమే అది!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. "ఈయనకి ఏం చెప్పినా అర్థమైపోతుంది" అంది జ్ఞానప్రసూన.

ఆ గోలలో గవరయ్య సీట్లోంచి లేచి, నోటికి చేతులు అడ్డంపెట్టుకుని అరిచాడు: "ఒరే గుంటడా! ఇప్పుడు నువ్వు సెప్పింది సీరియల్ గురించా, మా గుంట గురించా?"

"మీ అమ్మాయి గురించేనండీ!"

గవరయ్య కొంచెంసేపు అతన్ని పైనుంచి కిందిదాకా కొలిచాడు. "మరైతే నన్నడుగుతావేటి? అదుగో, అదక్కడుంది. దాన్నడుగు" అని కూర్చున్నాడు.

సభ అయ్యాక రమాకుమారి హాలు వరండాలో నిలబడి ఉంది. వాన సన్నగా పడుతోంది. లోపల జ్ఞానప్రసూన, గవరయ్య ఒకరి ఊరు ఒకరు అడిగి తెలుసుకుంటున్నారు. ఆవిడ ఎంత సర్క్యులర్ భాషలో అడిగినా ఆయన 'అవునమ్మా' అంటున్నాడు.

జయంత్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"పెపంచకం అంతటికీ అబద్దాలు సెప్పుకో" అంది ఆమె వానవైపు చూస్తూ. "నాకు మాత్రం సెప్పకు."

"చెప్పను."

"ఒట్టా?"

"ఒట్టు."

"అయితే సెప్పు. నేను బాగా సేసినానా?"

జయంత్ గొంతు సవరించుకున్నాడు. "చివరి షాటు అద్భుతం. కాని నువ్వు మెట్ల మీద ఏడ్చే సీనుంది చూడు... అందులో అస్సలు బాగా చెయ్యలేదు. చాలా అతి."

రమాకుమారి తిరిగి అతని ముఖంలోకి చూసింది. నవ్వు ముందు కళ్ళలోకి వచ్చింది, తర్వాత ముఖమంతా పాకింది.

"నాకూ అలగే అనిపించినాది" అని అతని చెయ్యి పట్టుకుంది.