ఊఁ పట్టెడ

"ఏదీ, రోజూ మీ వదినగారితో అనే మాట ఇప్పుడోసారి అనండి" అంది డాక్టర్ తన్మయి.

చిలకమ్మకి ఇంతకన్నా సులువైన పని ఎవరూ చెప్పి ఉండరు. మెడకి కట్టిన నల్లటి పట్టెడని సర్దుకుని, ఎదురు కుర్చీలో కూచున్న వదిన పైడమ్మ వైపు తిరిగి, ఆ దిక్కుమాలిన చుట్ట మానెయ్యమని చెబుదామని నోరు తెరిచింది. గొంతులో చీమ పాకినట్టయింది. నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"ఊఁ" అంది చిలకమ్మ.

గొంతు సవరించుకుని మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ "ఊఁ". ఈసారి కళ్ళెర్రజేసి, వేలు చూపించి, ఊపిరంతా బిగబట్టి అనబోయింది. అదే "ఊఁ", కాస్త పెద్దగా. పైడమ్మ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నోరు కట్టుబడినందుకు కాదు గానీ, వదిన నవ్వినందుకు చిలకమ్మకి ఒళ్ళు మండిపోయింది.

విశాఖ తీరం అప్పటికి గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. మనుషుల్లేని పడవలు వేటకి వెళ్ళి, తెల్లారేసరికి వాటంతటవే రేవుకి తిరిగొచ్చేవి. మరచేతులు చేపల్ని జాతివారీగా విడదీసి మంచుపెట్టెల్లో సర్దేసేవి. వీళ్ళుండే పోలమ్మపేటలో మారనిదల్లా ఆడవాళ్ళ నోట్లో చుట్ట. అది అడ్డపొగ, అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని తాగడం. నెత్తిన చేపలగంపతో సముద్రపు గాలికి ఎదురు నడిచే రోజుల్లో చుట్ట ఆరిపోకుండా ఉండేందుకు పట్టుబడిన అలవాటని పెద్దవాళ్ళు చెబుతారు. గంపలు పోయాయి, నడకలూ పోయాయి. నిప్పు మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

పైడమ్మ అంగిట్లో తెల్లటి మచ్చలు లేచాయి. చుట్ట ఇప్పుడు మానితే అవి తగ్గే అవకాశం ఉందనీ, మానకపోతే కాన్సరయి అంగిలి కోసెయ్యాల్సి రావచ్చనీ దంతవైద్యులు చెప్పారు. అప్పట్నుంచీ చిలకమ్మ నోటికి విశ్రాంతి లేదు. ఇద్దరికీ భర్తలు పోయారు, ఉన్నది ఒకే ఇల్లు, కాబట్టి పైడమ్మ చెవులకీ విశ్రాంతి లేదు. చిలకమ్మ సలహా ఇవ్వని విషయం లోకంలో లేదనుకోండి. తల ఎలా దువ్వుకోవాలో, మంచం ఎటు తిప్పుకోవాలో కూడా చెప్పేది. చుట్ట సంగతైతే అన్నంలో, నిద్రలో, నడకలో చెప్పేది. పైడమ్మ చెవిటిదానిలా విని ఇంకోటి వెలిగించేది.

"ఇదెక్కడి వైద్దిగం డాట్రమ్మా. రోగం ఆవిడికి, మందు నాకా?" అని చిలకమ్మ నిలదీసింది.

తన్మయి నవ్వి, పట్టెడ సంగతి వివరంగా చెప్పింది. మాట బయటికి వచ్చేముందే గొంతు కండరాలు దానికి సిద్ధమవుతాయి. పట్టెడలోని సెన్సర్లు ఆ కదలికని పట్టుకుంటాయి. గోరంత ప్రాసెసర్ రాబోయేది సలహానా, ప్రశ్నా అన్నది తేలుస్తుంది. సలహా అయితే నొప్పి తెలియనంత కరెంటు వదిలి, గొంతుని "ఊఁ" దగ్గరే ఆపేస్తుంది. నిజమైన ప్రశ్నని పోనిస్తుంది. ఎదటి మనిషి అన్న మాటనే తిరిగి అంటే దాన్నీ పోనిస్తుంది. 'నీకు బుద్ధెప్పుడొస్తుంది' లాంటివి ప్రశ్నలు కావని యంత్రానికి నేర్పేసరికి తన్మయికి తాతలు దిగొచ్చారు. ఇక పట్టెడ గొళ్ళెం కట్టుకున్నవాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకోవచ్చు.

"చుట్ట మానాలన్న మాట మీ వదినగారి మనసులో ఉంది. మానలేనన్న మాటా ఉంది" అంది తన్మయి. "మొదటి మాట మీరు లాక్కుంటే ఆవిడకి మిగిలేది రెండోదే. మీరు మానమన్న కొద్దీ ఆవిడ మాననంటారు. మీరు ఊఁ కొడుతూ కూచుంటే రెండు మాటలూ ఆవిడే అనుకోవాలి. మనిషి ఎదటివాళ్ళ కారణాలకి మారడం అరుదమ్మా. తన నోటితో తాను చెప్పుకున్న కారణానికి మారతాడు."

దీన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. పద్ధతి పాతదే, తన్మయి కనిపెట్టింది కాదు. కౌన్సెలర్ వారానికోసారి ఓపిగ్గా విన్నదంతా, మనిషి ఇంటికెళ్ళగానే చుట్టాలు సలహాలతో కడిగేస్తున్నారు. అందుకే తన్మయి వైద్యాన్ని రోగి దగ్గర్నుంచి చుట్టాల మెడకి మార్చింది.

ఇంట్లో మొదట పైడమ్మకి పండగే అయింది. కావాలని చిలకమ్మ కళ్ళముందే పొగాకు తీసేది, ముద్దుగా చుట్ట చుట్టేది, వెలిగించి నోట్లో తిప్పి పెట్టుకునేది. చిలకమ్మ "ఊఁ" అనేది. పెరట్లో కాకి కూడా ఆ ఊఁలకి అలవాటు పడిపోయింది. కానీ ఎవరూ వద్దననిచోట చుట్ట కొంచెం చప్పబడింది. పోట్లాటకి మనిషి దొరక్క పైడమ్మ తనలో తనే వాదన పెట్టుకుంది.

"సుట్ట లేకపోతే పల్లు సలుపుతాయి" అనేది.

"ఊఁ."

"ఈ వొయిసులో మానేసి ఏటి బావుకుంటాను."

"ఊఁ."

"అలాగని నోరు మండదా అంటే, మండతాదనుకో."

"ఊఁ?" అంది చిలకమ్మ. ఆ ఊఁ చివర కాస్త పైకి లేచింది. పైడమ్మ ఆ సాయంత్రం ఇంకో చుట్ట ముట్టలేదు.

ఇలా దారిలో పడుతోందనుకునేసరికి చిలకమ్మే జారిపోయింది. ఓ పొద్దున్న వదిన పుక్కిలించి ఉమ్మిన నీళ్ళలో ఎర్రటి జీర కనిపించింది. చిలకమ్మ గొళ్ళెం పీకి పట్టెడ గోడకేసి కొట్టి, ఇన్నాళ్ళ బాకీ అంతా తీర్చుకుంది. గొంతు బొంగురుపోయేదాకా తిట్టింది. పైడమ్మ పెరట్లోకి వెళ్ళి ఒక చుట్ట కాల్చి, దాని నిప్పుతోనే ఇంకోటి ముట్టించింది.

చిలకమ్మ ఆస్పత్రికి పోయి పట్టెడ బల్లమీద పడేసింది, ఇది తన వల్ల కాదంది. తన్మయి మందలించలేదు. తిట్టినప్పుడు ఎలా ఉందని మాత్రం అడిగింది. హాయిగా ఉందని చిలకమ్మ దాచకుండా చెప్పింది. ఇంకా ఏమనిపించిందని తన్మయి అడిగింది. చిలకమ్మ పమిట కొంగు వేలికి చుట్టుకుంది.

"తిట్టినంతసేపూ బయం ఉండదు డాట్రమ్మా" అంది. "నోరు మూసుకున్నానంటే అదే గుర్తొస్తాది. మాయమ్మ పోయినప్పుడు నాకు అన్నం కలుపుకోడం కూడా రాదు. కొత్తకోడలుగా వొచ్చి నా నోట్లో ముద్ద ఎట్టింది ఈ వొదినే. ఈవిడెల్లిపోతే నాను మల్లీ తల్లి లేనిదాన్నయిపోతాను."

"ఊఁ" అంది తన్మయి. ఆవిడ మెడలో ఏ పట్టెడా లేదు.

వదిన చుట్ట ఎందుకు మానలేకపోతోందో చిలకమ్మకి అప్పుడు తెలిసింది. తనకీ ఒక చుట్ట ఉంది, అది మాటలతో చుట్టింది, అంతే తేడా. ఎవరూ చెప్పకుండానే పట్టెడ తీసి మెడకి కట్టుకుంది.

ఆ సాయంత్రం పైడమ్మ కవళ్ళ చేపల పులుసు వండింది. ఆ పులుసుకి ఒకప్పుడు పేటంతా గిన్నెలు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. ఇప్పుడెవరూ రావడం లేదు. జనం డబ్బా కూరలకి మరిగారని పైడమ్మ అనుకునేది. కుండ దగ్గరికి మాత్రం ఎవర్నీ రానిచ్చేది కాదు. వదినామరదళ్ళు ఎదురెదురుగా కూచుని తింటుండగా చిలకమ్మ అడిగింది.

"సుట్ట మానేస్తే నీకేటొస్తాది వొదినా?"

నిజంగా తెలుసుకుందామని అడిగిన ప్రశ్న కాబట్టి పట్టెడ అడ్డుపడలేదు. పైడమ్మ ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది.

"రుసి" అంది. "ఎవులికీ సెప్పలేదు గానే సిలకా, నాకు ఉప్పూ తెలీదు, పులుపూ తెలీదు. ఎన్నేల్లయిందో. సెయ్యి గురుతు మీద వొండతన్నాను. సచ్చేలోగా నా పులుసు నాను ఒక్కపాలి రుసి సూసుకోవాలనుంది."

చిలకమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇన్నేళ్ళూ పక్కనే కూచుని తింటూ, తన మాటల హోరులో ఈ ఒక్క మాట వినలేకపోయింది.

"నీ పులుసు నువ్వు రుసి సూసుకోవాలనుందన్నమాట" అంది మెల్లిగా.

"అంతే. ఇంతకీ బాగుంటందా?"

"ఊఁ" అంది చిలకమ్మ. ఈసారి గొంతులో చీమ పాకలేదు. పట్టెడ ఏమీ చెయ్యలేదు.

పైడమ్మ చుట్ట మానింది. ఒక్కరోజులో మానిందంటే మీరు నమ్మరు, నేనూ చెప్పను. మానడం, మళ్ళీ ముట్టుకోవడం, తనమీద తనే విసుక్కోవడం, నోటినిండా సోంపు పోసుకుని వీధరుగు మీద కూచోవడం, అన్నీ జరిగాయి. పడ్డప్పుడల్లా చిలకమ్మ ఊఁ కొట్టింది. పైడమ్మ మళ్ళీ 'రుసి' అనుకుని లేచింది. చివరికి దంతవైద్యులు లైటు వేసి చూస్తే అంగిలి గులాబీరంగుకి తిరిగింది, మచ్చలు దాదాపు పోయాయి. ఇక పరీక్షలకి వస్తూ ఉంటే చాలన్నారు. చిలకమ్మ మెడలోంచి పట్టెడని తన్మయి తానే తీసింది.

పైడమ్మ డాక్టరమ్మని భోజనానికి పిలిచింది. రేవు నుంచి మేలైన కవళ్ళు తెచ్చి, ఎప్పటి చేత్తోనే ఎప్పటిలాగే పులుసు పెట్టింది. మధ్యలో రుచి చూడలేదు. చూస్తే అందరితోపాటే చూడాలని పంతం పట్టింది. ముగ్గురూ కూచున్నారు. తన్మయి తినడం మొదలుపెట్టింది. పైడమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుని తొలిముద్ద నోట్లో పెట్టుకుంది.

ముఖం ముడుచుకుపోయింది. నమ్మలేక ఇంకో ముద్ద పెట్టుకుంది. ఉప్పు కషాయం, పులుపు పళ్ళు జివ్వుమనేంత, అడుగున మాడిన మెంతుల చేదు.

"ఎన్నాల్ల నుంచీ ఇలాగుందే ఇది?" అంది.

"ఊఁ" అంది చిలకమ్మ పళ్ళెంలోకి చూస్తూ.

"ఊఁ ఏటి? నీ మెడలో పట్టెడ లేదు గందా. తల దువ్వుకోడం సెప్పినావు, మంచం తిప్పుకోడం సెప్పినావు, సుట్ట మానమని నా పేనం తీసినావు. ఉప్పెక్కువైందని ఒక్క మాట సెప్పలేకపోయినావా?"

"నా నోట్లో ముద్దెట్టిన సెయ్యి అది" అంది చిలకమ్మ. "దానికి వొంక ఎలాగెట్టీది వొదినా? ఆ రోజు పులుసే తింటన్నాననుకుని తినీసినాను."

పైడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. కోపమూ ఏడుపూ కలిసి ఏది ముందు రావాలో తేలలేదు. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

"నోటికాడికొచ్చిన మాటని ఆపే పట్టెడ సేసినావు తల్లీ. కడుపులో దాసుకున్న మాటని బైటికి లాగే పట్టెడ సెయ్యలేవేటి? దీని మెడకి కడతాను."

అలాంటిది ఇంకా ఎవరూ చెయ్యలేకపోయారని తన్మయి వినయంగా ఒప్పుకుంది. పైడమ్మ చూపు మెల్లగా డాక్టరమ్మ పళ్ళెం మీదికి జారింది. అందులో పులుసన్నం సగానికి పైగా అయిపోయింది, పక్కనున్న మంచినీళ్ళ చెంబు పూర్తిగా ఖాళీ అయింది.

"మరి నువ్వేటి సెప్పలేదమ్మా, సదువుకున్నదానివి? నీకెలాగుంది?"

"ఊఁ" అంది తన్మయి.